ఛజ్జా కింద ఏం జరుగుతోంది?

అందరికీ నమస్కారం. ఇంజనీర్ల దినోత్సవం కాబట్టి 1908 మూసీ వరదతో మొదలుపెట్టి విశ్వేశ్వరయ్యగారి దాకా రావడం ఆనవాయితీ. టైము తక్కువ, నేరుగా ఛజ్జా దగ్గరికే, అంటే కిటికీ మీద ముందుకు పొడుచుకొచ్చే కాంక్రీటు పలక దగ్గరికే వస్తాను.

మోజంజాహీ మార్కెట్ చౌరస్తాలో నిలబడండి. 1935 నాటి రాతి మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. సంతోషం. దానికి నెల ముందే పాత సచివాలయం బ్లాకుల కూల్చివేత మొదలైంది. నాంపల్లి వైపు వెళ్తే గగన్ విహార్, చంద్రవిహార్ అనే కాంక్రీటు ఆఫీసు భవనాలు వస్తాయి. ఆ తరం ఆఫీసు భవనాలను డబ్బాలంటాం. రాయి పాతబడితే వారసత్వం, కాంక్రీటు పాతబడితే శిథిలమా?

ఆ డబ్బాల్లో లెక్క ఉంది. మన హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నీడ మాయమవుతుంది. అప్పట్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఉత్తరపు కిటికీకీ ఛజ్జా కావాలి. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది, దానికి నిలువు పలకలే పనిచేస్తాయి. ఏసీలు లేని రోజుల్లో ఫైళ్ల ముందు మనిషిని కూర్చోబెట్టింది ఈ పలకలే.

ఇప్పుడు అసలు గొడవ. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 కోడ్. దాని 1978 కూర్పులో స్లాబు ఇనుప ఊచలకు కనీస కవర్, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, 15 మి.మీ. 2000 కూర్పు వచ్చేసరికి మోస్తరు వాతావరణానికే 30 అయింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి దిగుతూ, ఊచను తుప్పు నుంచి కాపాడే క్షారాన్ని చంపుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ దాని వేగం తగ్గుతుంది. 25 ఏళ్లలో 10 మి.మీ. దిగితే, 15 దాటడానికి 56 ఏళ్లు పడుతుంది. 1970ల భవనాలకు ఆ గడువు ఇప్పుడే! అందులోనూ ఛజ్జా పోసేటప్పుడు కూలీలు పైఊచల మీద నడిచి కిందికి తొక్కేస్తారు. ఊచ ఉండాల్సింది పైన, తేలేది అడుగున. దాంతో గోడ మొదట్లో పగులు, అందులోకి వాననీరు, ఆపైన తుప్పు. తుప్పు ఉబ్బి పెచ్చు ఊడుతుంది.

మనవాళ్లేం చేస్తారు? పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తి సున్నం కొడతారు. మెత్తడం, సున్నం కొట్టడం! రెండు వానాకాలాలకు ఆ ముద్ద కింద స్కూటర్ల మీద పడుతుంది. వెంటనే "శిథిలం" అని రిపోర్టు. అయ్యా, రిపోర్టు రాసేముందు సుత్తితో తట్టి చూశారా? డొల్ల శబ్దం వచ్చిన చోట చెక్కి, అప్పుడే బయటపడ్డ ముఖం మీద క్షారాన్ని పట్టిచ్చే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే కాంక్రీటు బతికే ఉంది. రంగు రాకపోతే క్షారం పోయినట్టు.

బాగుచేసేటప్పుడు ఊచ వెనక 20 మి.మీ. దాకా చెక్కాలి, ముందువైపు గీకితే చాలదు. ఊచను మెరిసేదాకా రుద్ది, జింకు ప్రైమరు వేసి, పాలిమర్ మోర్టారును పొరలుపొరలుగా నింపాలి. ఊచ బాగా తిని సన్నబడితే పక్కన కొత్తది కలపాలి. ఛజ్జా అంచు అడుగున నీటిగాడి మూసుకుపోకుండా చూడండి, అది మూసుకుంటే నీళ్లు గోడ దాకా పాకుతాయి.

ఇక ఏసీ డబ్బాలు. ఎంతమంది సెక్షన్ ఆఫీసర్లున్నారు ఇక్కడ? చేతులెత్తొద్దులెండి. ఛజ్జాకు బోల్టులు దిగ్గొట్టి, ఏసీ నీటి పైపును దాని మీదికే వదిలితే ఎండాకాలంలోనూ తడే. వాన గొట్టాలు ఆ తడికి తోడు. టెర్రస్ మీద జాలీ తీసేసిన చోట ఆకులు అడ్డంపడి నీళ్లు నిలుస్తాయి. జూన్‌కు ముందే చూడాలి, జూలైలో కాదు.

రావి మొక్క గురించి ఎలాగూ అడుగుతారు. నరికితే పోదు, వేరు పగులులో ఉంటుంది. పగులు విప్పి వేరంతా తీశాకే మూయండి. వేరు మిగిలిపోతే పైన సిమెంటు పూసినా మళ్లీ చిగురిస్తుంది, ఈసారి పక్క పగుల్లోంచి.