సముద్రం మధ్యలో ఉన్నా అది రేవే

శ్రోతలందరికీ నమస్కారమండీ. కాకినాడ వైపు వాళ్ళు అప్పుడప్పుడు చూసే ఉంటారు, ముందు భాగం మేడలా ఎత్తుగా ఉండి వెనకంతా లారీ తొట్టిలా చదునుగా ఉండే బోట్లు. అవి చేపల బోట్లు కావు, సప్లై బోట్లు. సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫాం మీద కిరాణా కొట్టు ఉండదు కదా, డీజిలు, మంచినీళ్ళు, పైపులు, సిమెంటు, బోరు వేసేటప్పుడు లోపలికి పోసే మడ్డు అనే బురద లాంటి ద్రవం, ఆఖరికి కూరలో వేసే ఉల్లిపాయ కూడా ఒడ్డు నించి వెళ్ళాల్సిందే.

మరి మోసుకెళ్ళే బోటు ఏ దేశానిదై ఉండాలి? ఈ ప్రశ్న మీద అమెరికాలో ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు, నాకైతే భలే సరదాగా ఉంటుంది ఆ గొడవ.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడల్లేక ఇబ్బంది పడ్డాక 1920లో వాళ్ళొక చట్టం చేసుకున్నారు, అందులో 27వ సెక్షను తెచ్చిన సెనేటర్ పేరు వెస్లీ జోన్స్, అందుకని జోన్స్ యాక్ట్ అనే పేరు స్థిరపడిపోయింది. అమెరికాలో ఒక చోట ఎక్కించిన సరుకు అమెరికాలోనే ఇంకో చోట దించాలంటే ఓడ అక్కడే కట్టిందై ఉండాలి, జెండా అక్కడిదే, యాజమాన్యంలో 75 శాతం వాళ్ళదే, కళాసీల్లో కూడా ఎక్కువమంది వాళ్ళే. తప్పితే సరుకే జప్తు చేసుకోవచ్చు.

బానే ఉంది, కానీ నడిసముద్రంలో నిలబెట్టిన ఇనప కట్టడం అమెరికాలో ఒక చోటు ఎలా అవుతుంది? 1953లో ఇంకో చట్టం తెచ్చి, సముద్రం అడుగుకి బిగించి చమురు తీసే కట్టడాలకి అమెరికా చట్టాలన్నీ వర్తిస్తాయన్నారు. దాంతో లూసియానాలో పోర్ట్ ఫోర్షాన్ అనే రేవు నించి ప్లాట్‌ఫాంకి డీజిలు పట్టుకెళ్ళడం అంటే మనకి విజయవాడ నించి గుంటూరు లోడు వేసినట్టే, ఒక ప్లాట్‌ఫాం నించి ఇంకో దానికి పట్టుకెళ్ళినా అంతే. అదే సామాను కొరియా నించి కొరియా ఓడలో నేరుగా తెచ్చి ప్లాట్‌ఫాం దగ్గర దించితే మాత్రం తప్పు లేదు, ఎందుకంటే ఎక్కించింది అమెరికాలో కాదు!

అసలు తగాదా సరుకంటే ఏంటి అన్న దగ్గర. చమురు బావి మూతి మీద బిగించే వాల్వుల గుత్తి ఒకటుంటుంది, దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు, పేరు అలా ఉంది గానీ టన్నుల బరువు. విదేశీ ఓడ ఒకటి దాన్ని ఒడ్డున ఎక్కించుకుని వెళ్ళి బావికి బిగించి వచ్చిందనుకోండి, అది మోసుకెళ్ళిన సరుకా, లేకపోతే మేస్త్రీ సంచిలో తాపీ లాగా ఓడ పనిముట్టా? పనిముట్టంటే పర్లేదు, సరుకంటే జోన్స్ యాక్ట్ పట్టుకుంటుంది. మేస్త్రీ తాపీని వెనక్కి తెచ్చుకుంటాడు, ఇది అక్కడే ఉండిపోతుంది కదా, అందుకే నాకు సరుకులాగే అనిపిస్తుంది. అమెరికా కస్టమ్స్ వాళ్ళు మొదట పనిముట్టే అన్నారు, 2009లో పాత మాటలు వెనక్కి తీసుకుంటామని ప్రకటించి ఆ ప్రకటననే వెనక్కి తీసుకున్నారు, 2017లో మళ్ళీ అదే జరిగింది, చివరికి 2019 డిసెంబర్లో పనిముట్టుకి నిర్వచనం తిరగరాసి, భారీ క్రేను ఓడ బరువు ఎత్తి పట్టుకుని అడ్డం తప్పించుకోడానికి కాస్త జరిగితే అది రవాణా కిందకి రాదని కూడా తేల్చారు. పైపులైను సంగతైతే 1976 నించీ తేలిపోయింది, పైపు ఓడలోంచి వదులుతూ పోతారు గానీ ఒక చోట దించరు కాబట్టి విదేశీ ఓడైనా వేసుకోవచ్చు.

2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ అనే, చమురు బావి తవ్వే రిగ్గు పేలింది, గుర్తుందా? ఆ రిగ్గు కట్టింది కొరియాలో, జెండా మార్షల్ ఐలాండ్స్‌ది. దాని నించి మడ్డు ఎక్కించుకోడానికి పక్కనే ఉన్న డామన్ బ్యాంక్‌స్టన్ అనే సప్లై బోటు మాత్రం అమెరికాది, సరుకు మోసేది అదే కదా. రిగ్గు మీద 126 మంది, 11 మంది పోయారు, బతికిన 115 మందినీ ఎక్కించుకుంది ఆ బోటే.

మన దగ్గరా ఇలాంటిది ఉంది గానీ తలుపు కాస్త తీసే ఉంచారు. విదేశీ బోటుని మన తీరంలో పెట్టాలంటే షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి, టెండర్లలో విదేశీ ఓడ తక్కువ రేటు చెప్పినా అదే రేటుకి మేం చేస్తాం అనే అవకాశం ముందు మన ఓడల వాళ్ళకి ఇస్తారు. ఇన్నాళ్ళూ 1958 చట్టంతో నడిచింది, 2025లో కోస్టల్ షిప్పింగ్ యాక్ట్ అని వేరేగా వచ్చింది, అందులో సరుకు రవాణాయే కాదు, సముద్రంలో అన్వేషణ లాంటి సేవల్ని కూడా తీర వ్యాపారం లెక్కలోకి తెచ్చారు. అంటే సరుకా పనిముట్టా అని అక్కడ పడ్డ తంటా ఇక్కడ పెద్దగా రాకపోవచ్చు, విదేశీ బోటైతే ఇలాంటి ఏ పని మీద వెళ్ళినా లైసెన్సు కాగితం చూపించాల్సిందే. ఉంటానండీ, నమస్కారం.