ఐకియా అట్టపెట్టె, మన ఆవకాయ సీసా

శ్రోతలకు నమస్కారం. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచిన రోజు ట్రాఫిక్ ఎలా ఆగిపోయిందో హైదరాబాద్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ స్వీడన్ ఫర్నిచర్ కంపెనీకి మన దేశంలో అదే మొదటి స్టోరు. అప్పట్లో ఎక్కడ విన్నా వెయ్యి సీట్ల రెస్టారెంటు కబుర్లే: బీఫ్, పోర్క్ తీసేశారట, చికెన్ మీట్‌బాల్స్ పెట్టారట, సమోసా, బిర్యానీ కూడా ఉన్నాయట అని. నన్నడిగితే అదంతా పైపై మార్పు. హైదరాబాద్‌లో బిర్యానీ పెట్టాలని తోచడానికి పెద్ద తెలివేం కావాలి!

అసలు చిక్కు స్క్రూడ్రైవర్ దగ్గర వచ్చింది. ఐకియా బల్లలూ బీరువాలూ విడి ముక్కలుగా, చదునైన అట్టపెట్టెలో వస్తాయి, ఇంటికెళ్లి మనమే బిగించుకోవాలి. పనివాళ్ల కూలి ఎక్కువగా ఉండే స్వీడన్‌లో అలా చేసుకుంటే డబ్బు మిగులుతుంది. మన దగ్గరేమో ఫోన్ కొడితే కార్పెంటర్ వస్తాడు, మనం పక్కన నిలబడి "అన్నా, ఆ మూల ఇంకాస్త బిగించు" అంటాం. అందుకే ఇంటికొచ్చి బిగించిపెట్టడానికి, ఇళ్లకి పనివాళ్లని పంపే అర్బన్‌క్లాప్ అనే కంపెనీతో ఒప్పందం పెట్టుకున్నారు. అట్టపెట్టెని మాత్రం వదల్లేదు, లారీలో ఎక్కువ సామాను పట్టేదీ, ధర దిగేదీ దానివల్లే కాబట్టి.

ప్రపంచమంతటికీ ఒకటే పద్ధతి అంటారు గానీ, తీరా చూస్తే అది ఎవరో ఒకరి ఇంటి అలవాటే అయి ఉంటుంది. 1994లో కెల్లాగ్స్ మన దేశానికి కార్న్‌ఫ్లేక్స్ తెచ్చింది. అవి చల్లటి పాలల్లో కరకరలాడతాయి. మనవాళ్లు పొద్దున్నే కాచిన వేడి పాలు పోశారు, మెత్తబడి ముద్దయ్యాయి. ధర కూడా ఎక్కువే.

మరి మనం బయటికి అమ్మేటప్పుడో? ఆవకాయనే తీసుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొనేది ఇంటి రుచి కోసమే, కారం తగ్గిస్తే ఇక ఎవరు కొంటారు? కానీ అక్కడ 2023 నుంచి నువ్వులు కూడా ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి. గానుగ నువ్వుల నూనె పోసి కలిపితే ఆ సంగతి లేబుల్ మీద స్పష్టంగా రాయాలి. యూరప్‌కి పంపితే ఆవపిండి సంగతి కూడా చెప్పాలి. కారం జోలికి పోకండి, లేబుల్ మాత్రం ఏ దేశానికి ఆ దేశం రూల్ చూసుకుని వేయించండి.