కోడు రాసేవాళ్లకు పద్యంతో ఏం పని?

అందరికీ నమస్కారం. అనంతపురంలో, అదీ కంప్యూటర్ సైన్స్ పిల్లల ముందు, కవిత్వం గురించి మాట్లాడమన్నారు. చాలా సంతోషం. నేరుగా విషయంలోకి వస్తాను.

రిచర్డ్ గాబ్రియల్ అని ఒకాయన ఉన్నారు. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు, 1984లో లూసిడ్ అనే కంపెనీ పెట్టారు, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష లోతుగా చదివినవాళ్లకు ఆయన పేరు తగలకుండా ఉండదు. 1994లో ఆ కంపెనీ మూతపడింది. అంత పేరున్న మనిషి మళ్లీ విద్యార్థిగా చేరి, 1998లో కవిత్వంలో మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. 2000 నుంచి రోజుకో కవిత రాస్తూ వచ్చారు.

నాకు ఇంతకన్నా గొప్పగా అనిపించేది ఇంకోటుంది. కవుల వర్క్‌షాపుల్లోని పద్ధతిని ఆయన ప్రోగ్రామర్ల మధ్యకు తెచ్చారు. రాసిన మనిషి అక్కడే కూర్చుంటాడు, కానీ నోరు విప్పకూడదు. మిగతావాళ్లు ముందు బాగున్నవి చెప్తారు, తర్వాత ఎక్కడ మారిస్తే ఇంకా బాగుపడుతుందో చెప్తారు, ‘నా ఉద్దేశం అది కాదండీ’ అని మధ్యలో అడ్డుపడటానికి లేదు. చివర్లో మాత్రం రాసిన మనిషి తనకు అర్థం కానిది అడగొచ్చు. మన ప్రాజెక్ట్ రివ్యూల్లో ఉండే టెన్షన్, వాదన తెలిసినవాళ్లకు ఇదెంత పెద్ద మార్పో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన పద్యానికి వద్దాం. వేమన సమాధి ఉన్న కటారుపల్లె ఇక్కడికి దూరమేం కాదు, కదిరి దగ్గరే. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ తీసుకోండి. ఆటవెలది మొదటి పాదం: మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ఉప్పు, కప్పు, రంబు, నొక్కపో, లికనుండు. గురులఘువులు గుర్తించి గణాలు విడగొట్టే ప్రోగ్రామ్ మీలో ఎవరైనా ఈ వారంలో రాసేయగలరు. కానీ యతి దగ్గర, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవాలనే నియమం దగ్గర, అది ఆగిపోతుంది! మొదటి అక్షరం ‘ఉ’, నాలుగో గణం మొదట్లో ‘నొ’. పైకి చూస్తే యతి తప్పినట్టే. సంధి విడదీసి ‘కప్పురంబున్ + ఒక్క’ అని చూస్తేనే లోపలున్న ‘ఒ’ కనిపిస్తుంది, ‘ఉ’కి ‘ఒ’తో యతి చెల్లుతుంది. అంటే పద్యం చదవడం రాకుండా ఆ ప్రోగ్రామ్ రాయలేరు, ప్రోగ్రామ్ రాయడానికి కూర్చుంటే పద్యం ఇంకా బాగా తెలుస్తుంది. ఈ రెండూ వేరు వేరు పనులని నేను ఒప్పుకోను.

సరే, ఇప్పుడు నలుగురేసి చొప్పున కూర్చోండి. కోడైనా పద్యమైనా, ఒకరు రాసింది మధ్యలో పెట్టండి. రాసినవాళ్లు మాత్రం మాట్లాడొద్దు.