ఖైదీ నంబరు 9843 జాడ

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక పోలీసు ప్రకటన సంగతి చెబుతాను. 1869లో పశ్చిమ ఆస్ట్రేలియా పోలీసు గెజిట్‌లో వచ్చింది. పారిపోయిన ఖైదీ కోసం వేసిన ప్రకటన. అందులో ఉన్నదింతే: జాన్ బి. ఒరైలీ, రిజిస్టరు నంబరు 9843. హూగోమాంట్ ఓడలో 1868లో వచ్చాడు. 1866 జులై 9న ఇరవై ఏళ్ల శిక్ష పడింది. వయసు 25, ఎత్తు అయిదడుగుల ఏడున్నర అంగుళాలు, నల్ల జుట్టు, కోల మొహం, చామనఛాయ. వాళ్ల లెక్కలో చామనఛాయ లెండి. ఫిబ్రవరి 18న బన్‌బరీలో రోడ్డు పని చేసే ఖైదీల ముఠా నుంచి పరారీ.

ఇది చదివితే ఆ మనిషిని సంతలో గుర్తుపట్టొచ్చు. ఎవరో మాత్రం తెలియదు. శిక్ష ఎందుకు పడిందో లేదు, అతను కవిత్వం రాస్తాడని లేదు. సర్కారు కాగితానికి కావలసింది మనిషి కొలతలు. మిగతాదంతా మనం వేరే చోట్ల వెతుక్కోవాలి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ వెతుకులాటే.

ద్వీపాంతరం అనే మాట మనకు కొత్త కాదు. రంప పితూరీ వాళ్లని అండమాన్ పంపారు. అలా వెళ్లొచ్చిన గాం మల్లుదొర 1952లో పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యాడు. ఆ పద్ధతి అంతకు ముందే ఐర్లండ్ వాళ్ల మీద బాగా నడిచింది. అప్పట్లో వాళ్ల అండమాన్ ఆస్ట్రేలియా.

జాన్ బాయిల్ ఒరైలీ 1844లో మీత్ జిల్లాలో, డ్రోహెడా పట్నం దగ్గర డౌత్ అనే చోట పుట్టాడు. మరుసటేడే బంగాళదుంప పంటకు తెగులు తగిలింది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఇలాంటి కాలంలో పెరిగిన పిల్లవాడు తిరగబడ్డాడంటే ఆశ్చర్యం లేదు. అతను తిరగబడిన చోటే ఆశ్చర్యం. దానికి వస్తాను.

చిన్నతనంలోనే డ్రోహెడాలో ఒక పత్రిక అచ్చు ఆఫీసులో కంపోజింగ్ నేర్చుకోవడానికి చేరాడు. తర్వాత ఇంగ్లండ్‌లో ప్రెస్టన్‌కి వెళ్లి అక్కడి పత్రికలో చేశాడు. కంపోజింగ్ సంగతి నాకు కొంచెం తెలుసు. కుర్రతనంలో నేనూ ఒక ప్రెస్సులో కేసు, అంటే అక్షరాల గళ్ల పెట్టె ముందు నిలబడి సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణే. అక్షరం తిరగేసి ఉంటుంది, లైను తలకిందులుగా చదువుకోవాలి. ఆ అలవాటు మనిషిని వదలదు. మొదట ఇతని మీద నాకు మోజు కలగడానికి కారణం అదే, దాచుకోవడమెందుకు.

1863లో డబ్లిన్ తిరిగొచ్చి బ్రిటిష్ సైన్యంలో పదో హుస్సార్స్ అనే గుర్రపు దళంలో చేరాడు. ఆ సైన్యంలో ఐరిష్ వాళ్లు వేలల్లో ఉండేవారు. జీతం కోసం తమ దేశానికే కాపలా కాసేవాళ్లు! ఇంగ్లీషు పాలన నుంచి ఐర్లండ్‌ను విడిపించాలని 1858లో పుట్టిన ఫీనియన్ల రహస్య సంఘం కన్ను ఈ సిపాయిల మీద పడింది. జాన్ డెవోయ్ అనే ఆయన 1865లో ఒరైలీని ప్రమాణం చేయించి సంఘంలో కలుపుకున్నాడు. అప్పటినుంచి రాణిగారి యూనిఫాం వేసుకునే, రాణిగారి సిపాయిలను తిరుగుబాటుకు కూడగట్టాడు. వేగులవాళ్లు ఊరుకుంటారా? 1866 మొదట్లోనే పట్టుబడ్డాడు. కోర్టు మార్షల్ మరణశిక్ష వేసింది. దాన్ని ముందు యావజ్జీవానికి, తర్వాత ఇరవై ఏళ్లకు తగ్గించారు.

ఇంగ్లండ్ జైళ్లలో కొంతకాలం తిప్పి, 1867 అక్టోబరులో హూగోమాంట్ ఎక్కించారు. ఆస్ట్రేలియాకు ఖైదీలను మోసిన ఆఖరి ఓడ అదే. మొత్తం 280 మంది ఖైదీలు, అందులో 62 మంది ఫీనియన్లు. ఆ దారిలో వాళ్లు చేసిన పని చూడండి, చేత్తో రాసి ఒక పత్రిక నడిపారు. పేరు వైల్డ్ గూస్, అంటే అడవి బాతు. పూర్వం దేశం వదిలి యూరప్ సైన్యాల్లో చేరిన ఐరిష్ సిపాయిలకు అడవి బాతులని పేరు. జాన్ ఫ్లడ్ అనే ఖైదీ సంపాదకుడు, ఒరైలీ అందులో రాసేవాడు. మొత్తం ఏడు సంచికలు. ఇవాళ అవి సిడ్నీలోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి. గెజిట్‌లో దొరకని మనిషి అక్కడ దొరుకుతాడు.

1868 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా రేవు ఫ్రీమాంటిల్‌లో దిగాడు. అక్కడి నుంచి దక్షిణంగా బన్‌బరీ పంపారు, అడవి కొట్టి రోడ్డు వేసే పని. రోడ్డుకు అడ్డొచ్చిన ఒక పెద్ద చెట్టును కొట్టొద్దని పై అధికారి దాకా వెళ్లి బతిమాలాడనీ, చివరికి రోడ్డునే పక్కకు తిప్పారనీ చెప్పుకుంటారు. అక్కడే ఒక వార్డరు కూతురి మీద మనసు పడ్డాడు. అది సాగలేదు. ఆ డిసెంబరులో ప్రాణం తీసుకోబోతే తోటివాళ్లు కాపాడారు. ఈ భాగం మీద ఎక్కువ మాట్లాడాలని నాకు లేదు.

ఫాదర్ మెకేబ్ అనే ఐరిష్ పాదిరి, చుట్టుపక్కల ఉన్న ఐరిష్ రైతులు కలిసి పారిపోయే ఏర్పాటు చేశారు. ఆ రాత్రి అతను చేసిన మొదటి పని బూట్లు మార్చుకోవడం. ఖైదీ బూట్ల అచ్చు నేల మీద పడితే ఇట్టే తెలిసిపోతుంది. పోలీసుల దగ్గర అడుగుల జాడ తీసే ఆదివాసీలు ఉండేవాళ్లు, వాళ్ల కన్ను తప్పించుకోవడం కష్టం. అందుకని మామూలు జనం తొడుక్కునే బూట్లు సంపాదించుకున్నాడు. అచ్చు పని నేర్చినవాడు కదా!

విజిలెంట్ అనే తిమింగలాల వేట ఓడ తీసుకెళ్లాలని మాట. పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్తే, ఓడ వీళ్లని గమనించకుండానే వెళ్లిపోయింది. మళ్లీ ఇసుక దిబ్బల్లో దాక్కున్నాడు. మార్చి మొదట్లో గెజెల్ అనే అమెరికా ఓడ ఎక్కించుకుంది, కెప్టెన్ గిఫర్డ్. అయితే బోమన్ అనే ఇంకో ఖైదీకి సంగతి తెలిసిపోయింది. నన్నూ తీసుకెళ్లకపోతే బయటపెడతానని బెదిరించి వాడూ ఎక్కాడు.

హిందూ మహాసముద్రంలో రోడ్రిగ్స్ అనే దీవి ఉంది, అప్పుడు ఇంగ్లీషు వాళ్లది. మంచినీళ్ల కోసం ఓడ అక్కడ ఆగితే పోలీసులు వచ్చి వెతికారు. బోమన్ దొరికాడు. వెళ్తూ వెళ్తూ ఒరైలీ సంగతి చెప్పేశాడు. తెల్లారితే పోలీసులు మళ్లీ వస్తారు. ఓడలో హాథవే అనే కుర్ర అధికారి ఒరైలీని ఒక ఇరుకు అరలో దాచాడు. చీకట్లో సానరాయి ఒకటి సముద్రంలోకి పడేసి, వెనకే ఒరైలీ టోపీ విసిరాడు. దభీమని చప్పుడు. మనిషి పడ్డాడు, మనిషి పడ్డాడు అని కేకలు. పడవలు దించి వెతికితే టోపీ దొరికింది. మునిగిపోతుంటే నా కళ్లారా చూశానని ఒక నావికుడు ఒట్టేసి మరీ చెప్పాడు. పొద్దున పోలీసులు వచ్చేసరికి జెండా సగానికి దించి ఉంది. తోటి నావికులు నిజంగానే ఏడుస్తున్నారు, వాళ్లకి నాటకం సంగతి తెలియదు మరి.

అంటే జాడ వెతికేవాడికి ఇక్కడ దారి ఆగిపోవాలి. మనిషి చచ్చిపోయాడు కదా. కానీ గెజెల్ నుంచి పారిపోయిన జాన్ సూల్ అనే నావికుడి కాగితాలు కెప్టెన్ దగ్గర మిగిలాయి. అవి ఒరైలీకి ఇచ్చి సఫైర్ అనే ఇంకో ఓడ ఎక్కించాడు. జాన్ సూల్ అన్న పేరుతో లివర్‌పూల్, అక్కడి నుంచి బొంబాయి అనే ఓడలో ఫిలడెల్ఫియా. 1869 నవంబరు 23న దిగాడు. దిగీదిగగానే కోర్టుకు వెళ్లి అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు, సొంత పేరుతో.

తర్వాతి కథ బోస్టన్‌లో. పైలట్ అనే పత్రికలో చేరి సంపాదకుడయ్యాడు, దాని యజమానుల్లో ఒకడయ్యాడు. నల్లవాళ్ల హక్కుల కోసం గట్టిగా రాశాడు. ఆస్ట్రేలియాలో మిగిలిపోయిన తోటి సిపాయిలను మరవలేదు. వాళ్లను తప్పించడానికి తిమింగలాల వేట ఓడే సరైనదని డెవోయ్‌కి సలహా ఇచ్చాడు, పాత స్నేహితుడు హాథవే దగ్గరికి పంపాడు. 1876 ఏప్రిల్‌లో కటల్పా అనే ఓడ ఆరుగురిని తీసుకొచ్చేసింది. ఆ కథ చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి.

1885లో కెనడా వాళ్లు సెయింట్ పాట్రిక్ పండక్కి మాట్లాడమని అతన్ని పిలిచారు. కెనడా అంటే ఇంగ్లీషు జెండా కింది నేల. అడుగు పెడితే అరెస్టు చేయొచ్చు. వెళ్లి రావడానికి లండన్‌ని అనుమతి అడిగాడు. అప్పటికి పారిపోయి పదహారేళ్లు, పేరున్న సంపాదకుడు. లండన్ వీల్లేదంది. అతను వెళ్లలేదు. 1890లో చనిపోయేదాకా ఐర్లండ్ కూడా మళ్లీ చూడలేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. ఈలోగా నేను కాసిని మంచినీళ్లు తాగుతాను.