డి-వన్ బెంచీ కోసం కొడుకు నాలుగేళ్లు తాకట్టు పెడతారా?

ఒక్క మాట ముందే చెప్పేస్తా, తిట్టేవాళ్లు కామెంట్లలో తిట్టుకోండి. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో డి-వన్ అంటే అన్నిటికన్నా పై డివిజన్, డి-త్రీ అంటే మూడోది. డి-వన్ బెంచీ మీద కుర్చీ కన్నా డి-త్రీ కోర్టు మీద ముప్పై నిమిషాలు నూరు రెట్లు మేలు. "డి-త్రీలో అథ్లెటిక్ స్కాలర్‌షిప్పే ఉండదు కదా" అంటారు. ఉండదు. ఆగండి, అక్కడికే వస్తున్నా.

పోర్టల్ గొడవ మీకు తెలిసిందే, అదే, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్. 2021లో ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు. 2024లో మార్కులు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. 2025లో ఒక్క మెన్స్ బాస్కెట్‌బాల్ నుంచే రెండు వేల మందికి పైగా పోర్టల్‌లోకి దూకారు. అదే ఏడాది జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్ అనే కోర్టు రాజీ ఖరారైంది. అందులో చేరిన కాలేజీ అన్ని ఆటలకూ కలిపి ఆ ఏడాది దాదాపు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా పంచొచ్చు. మెన్స్ బాస్కెట్‌బాల్ రోస్టర్, అంటే జట్టు జాబితా, మాత్రం 15 మందికి మించకూడదు.

ఇప్పుడు ఆ కోచ్ కుర్చీలో మీరు కూర్చోండి. ఈ సీజన్ గెలవకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఇరవై రెండేళ్లవాడు, కండ పట్టినవాడు, కాలేజీ ఆట ఆడి చూపించినవాడు పోర్టల్‌లో రెడీగా ఉన్నాడు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో హైస్కూల్ ఆడుతున్న మీ పదిహేడేళ్ల గార్డుని ఎందుకు తీసుకుంటారు? తీసుకున్నా ఎందుకు ఆడిస్తారు?

లెక్క చూడండి. ఆట 40 నిమిషాలు, కోర్టు మీద ఐదుగురు. మొత్తం 200 నిమిషాలు. ఎనిమిది, తొమ్మిది మంది వాటిని పంచుకుంటారు. మిగతా ఆరేడుగురు? టవల్ ఊపుతారు. మీరేమో ఆ టవల్ ఫొటో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టి మురిసిపోతారు! "ప్రిఫర్డ్ వాకాన్" అని, అంటే స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకి రమ్మని, పిలిచారా? ఆ మాటలో ప్రిఫర్డ్ ఉంది, డబ్బు లేదు. పదిహేను మంది పరిమితి పెట్టిన చోట ఆ సీటే ముందు గల్లంతవుతుంది.

మీవాడు ఆరడుగుల తొమ్మిది అంగుళాలుండి, చేతులు మోకాళ్ల దాకా ఉంటే ఈ వీడియో కట్టేయండి. మీకు నాతో పనిలేదు.

మిగతావాళ్లు ఈ రాత్రే ఒక పని చేయండి. ఆఫర్ ఇచ్చిన కాలేజీ అథ్లెటిక్స్ సైట్‌లో గత మూడేళ్ల రోస్టర్, స్టాట్స్ పేజీలు తీయండి. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాదివాళ్లు) ఎవరెవరో రాసుకోండి. పక్కన వాళ్ల నిమిషాలు వేయండి. ఆటకి పది నిమిషాలు దాటినవాళ్లు ఎందరు? మరుసటి ఏడాది రోస్టర్‌లో మిగిలింది ఎందరు? మీవాడి పొజిషన్‌లో వచ్చే ఏడాది ఉండిపోయేది ఎవరు? కోచ్ నోటి వెంట వచ్చే "ఫ్యామిలీ కల్చర్" అంతా ఈ కాగితం మీద తేలిపోతుంది. ఆ తర్వాత ఆయన్నే అడగండి: స్కాలర్‌షిప్ ఒక ఏడాదికా, నాలుగేళ్లకా? రాతలో ఇస్తారా? ఆటగాడు చేరతానని సంతకం పెట్టే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లోనే పోయింది. ఇప్పుడున్నదల్లా ఆర్థిక సాయం ఒప్పందం, కాబట్టి అందులో ప్రతి లైనూ చదవాలి.

ఇక డి-త్రీ. పేరు వినగానే మూతి ముడుచుకునేవాళ్లకి చెప్తున్నా, అక్కడున్నది ఎవరో తెలుసా? ఎంఐటీ. విలియమ్స్. ఎమరీ. జాన్స్ హాప్కిన్స్. 2025 డి-త్రీ ఫైనల్ ఆడింది ఎన్‌వైయూ. ఎంఐటీ 2012లో ఫైనల్ ఫోర్ దాకా వెళ్లింది. ఏ కాలేజీల కోసం మీరు ఎనిమిదో తరగతి నుంచి పిల్లాడి ప్రాణం తీస్తున్నారో, అవే! డంకన్ రాబిన్సన్ విలియమ్స్‌లోనే మొదలుపెట్టాడు, అక్కడినుంచి మిషిగన్, ఆపైన మయామీ హీట్.

దారి కూడా వేరు. జూనియర్ ఇయర్ (పదకొండో తరగతి) అయ్యాక వేసవిలో కోచ్ ట్రాన్‌స్క్రిప్ట్, టెస్ట్ స్కోర్లు అడుగుతారు. అడ్మిషన్స్ ఆఫీసుకి ముందుగా చూపించి అవకాశం ఎంతో చెప్తారు. దీన్నే ప్రీ-రీడ్ అంటారు. బాగుందంటే చాలాచోట్ల నవంబర్‌లో ఎర్లీ డెసిషన్ వేయమంటారు. ఇక్కడే బోల్తా పడతారు జనం. ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరి తీరాలి. కాబట్టి వేసే ముందే ఆ కాలేజీ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో (సాయం పోను మీకు పడే ఖర్చు చూపేది) మీ ఆదాయం కొట్టి చూడండి. చేరాక బేరం ఉండదు. ఎంఐటీలో మాత్రం కోచ్ మాట సాయం చేస్తుందేమో గానీ సీటు ఇప్పించదు, ఎర్లీ డెసిషనూ లేదు.

హెచ్-4 పిల్లల (హెచ్-1బీ మీదున్న అమ్మానాన్నల వెంట వచ్చినవాళ్ల) సంగతి ఎవరూ మాట్లాడరు, నాకు మండేది అక్కడే. హెచ్-4 మీద పని చేసే అనుమతి లేదు. 21 నిండితే ఆ వీసాయే పోతుంది, సాధారణంగా ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. అందుకే ఎన్‌ఐఎల్ డబ్బు (ఆటగాడి పేరు, ముఖం వాడుకున్నందుకు ఇచ్చేది) చూసి గంతులేయకండి. కెంటకీలో ఆస్కార్ షీబ్వే, దేశంలోనే మేటి ఆటగాడు, 2022 ఆగస్టులో టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ డీల్స్ చేసుకున్నాడు. ఎందుకు? ఎఫ్-1 మీద అమెరికాలో చేసుకోలేక! ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించకుండా ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టొద్దు. ఫెడరల్ సాయం హెచ్-4కి రాదు. అందుకే వీసా పిల్లలకి కాలేజీ సొంత డబ్బు ఇస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కోచ్‌కి మెయిల్ రాసేటప్పుడు సబ్జెక్ట్ లైన్‌లోనే పొజిషన్, ఎత్తు, గ్రాడ్యుయేషన్ ఏడాది, జీపీఏ ఉండాలి. వీడియో రెండు మూడు నిమిషాలు చాలు, మంచి ఆట మొదటి అర నిమిషంలోనే పడాలి. పాటలూ స్లోమోషన్లూ వద్దు. పక్కనే ఒక పూర్తి మ్యాచ్ లింక్ పెట్టండి, డిఫెన్స్‌లో వెనక్కి పరిగెత్తుతాడా లేదా అన్నది అందులోనే చూస్తారు. ఎత్తు అబద్ధం ఆడకండి స్వామీ! షూ వేసుకుని ఆరడుగుల రెండు అని రాస్తారు, జిమ్‌లో కోచ్ పక్కన నిలబడగానే బండారం బయటపడుతుంది. ఇంకోటి, "ఎలీట్ క్యాంప్‌కి రండి" అని డబ్బు కట్టమని వచ్చే మెయిల్ ఆఫర్ కాదు. పేరు పెట్టి, మీవాడి ఫలానా మ్యాచ్ చూశానని కోచ్ ఫోన్ చేస్తే అప్పుడు మాట్లాడండి.

"మావాడు వేరు" అని రాయబోయేవాళ్లు ఆ మూడేళ్ల ఫ్రెష్‌మెన్ నిమిషాల లెక్క కూడా కింద పెట్టండి. వచ్చే వీడియోలో మీ లెక్కలే తెరిచి కూర్చుంటా.