బ్యాక్‌బ్లేజ్ రివ్యూ: ఎక్కించడం సరే, ఫైళ్లు తిరిగి ఎలా వస్తాయి?

నమస్తే అండీ. ఆన్‌లైన్ బ్యాకప్ సర్వీసుల మీద రివ్యూ వీడియోలు బోలెడు ఉన్నాయి. అన్నింట్లోనూ ఒకటే వరస. ఇన్‌స్టాల్ చేయండి, ఈమెయిల్ ఇవ్వండి, ఇదిగో బ్యాకప్ మొదలైంది, ఇక నిశ్చింతగా ఉండండి. ఫైళ్లు ఎక్కించడం చూపిస్తారు, దించుకోవడం మాత్రం చూపించరు. మనం ఏడాది పొడవునా డబ్బు కట్టేది ఆ దించుకునే ఒక్క రోజు కోసమే కదా! అందుకే బ్యాకప్ ఎలా పెట్టుకోవాలో నేను ఇందులో అసలు చెప్పను. బ్యాక్‌బ్లేజ్ పర్సనల్ ప్లాన్‌లో ఉన్న నా ఫైళ్లను, ఇదిగో, ఏమీ లేని ఈ విండోస్ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుంటాను. స్పాన్సర్‌షిప్ ఏమీ లేదు, నా కార్డు మీద నేనే కడుతున్నాను.

కంపెనీ గురించి రెండు ముక్కలు. బ్యాక్‌బ్లేజ్ 2007లో కాలిఫోర్నియాలో మొదలైంది. తమ దగ్గర తిరుగుతున్న హార్డ్ డిస్కుల్లో ఏ మోడల్ ఎంతగా పాడవుతోందో 2013 నుంచి లెక్కలు రాసి, అందరికీ బయటపెడుతుంటారు. డిస్కు కొనే ముందు ఆ పట్టికలు చూసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మన ఫైలును ముక్కలు చేసి 20 వేర్వేరు మెషీన్లలో దాస్తారు. వాళ్లు మొదట చెప్పిన లెక్కలో 17 ముక్కలు అసలు డేటా, 3 ముక్కలు అదనం. ఏ మూడు పోయినా మిగతా వాటితో ఫైలును మళ్లీ కూర్చగలరు. కాబట్టి అటువైపు ఫైలు పోతుందేమోనన్న భయం నాకు పెద్దగా లేదు. టెన్షన్ అంతా ఇటువైపే.

ఇటువైపు అని ఎందుకు అంటున్నానంటే, 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో చూడండి. ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే పెద్ద కంపెనీ అది. ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ను డిలీట్ చేశాడు. సరే, బ్యాకప్ ఉంది కదా అని వెతికితే, వాళ్లు పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. అదృష్టం కొద్దీ ఎవరో టెస్టింగ్ కోసం తీసిన ఆరు గంటల కిందటి కాపీ ఉండబట్టి బయటపడ్డారు. ఆ మధ్య ఆరు గంటల డేటా మాత్రం పోయింది. దాచకుండా అంతా వాళ్లే రాసి పెట్టారు. ఊరూరా ఇంజనీర్లున్న కంపెనీ పరిస్థితే అది. మనం ఒక్కసారైనా రిస్టోర్ చేసి, అంటే ఫైళ్లు వెనక్కి తెచ్చుకుని, చూడకుండా ఉండటం ఎంతవరకు సబబో మీరే చెప్పండి.

ఇక మొదలుపెడదాం. ఖాళీ ల్యాప్‌టాప్, బ్రౌజర్ తెరిచాను, లాగిన్ పేజీ వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పాస్‌వర్డ్ ఏది? చచ్చిపోయిన కంప్యూటర్‌లోని క్రోమ్‌లో సేవ్ అయ్యి ఉంది. మార్చుకుందామంటే లింకు ఈమెయిల్‌కు వస్తుంది, ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా అందులోనే. బీరువా తాళం చెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. ఆ పైన టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని ఉంటే ఫోను కూడా చేతిలో ఉండాలి. దొంగతనం జరిగితే ల్యాప్‌టాప్, ఫోను ఒకే బ్యాగులో పోతాయి. అందుకే ఈ రెండు పాస్‌వర్డులూ, రికవరీ కోడ్లూ కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు పెట్టమంటాను. కాగితమా అని నవ్వకండి, నా దగ్గర అలాగే ఉంది.

ఇంకో చిక్కు ప్రైవేట్ ఎన్‌క్రిప్షన్ కీ, అంటే మన బ్యాకప్‌కు మనమే పెట్టుకునే రహస్య తాళం, దానికి ఒక పాస్‌ఫ్రేజ్ ఇస్తాం. బ్యాకప్ పెట్టేటప్పుడు సెక్యూరిటీ బాగుంటుందని ఇది ఆన్ చేసుకునేవాళ్లు ఉన్నారు. మంచిదే. కానీ ఆ పాస్‌ఫ్రేజ్ మర్చిపోతే కంపెనీ వాళ్లు కూడా ఏమీ చేయలేరు, ఆ మాట ముందే చెబుతారు. ఇంకో సంగతి, వెబ్‌సైట్ నుంచి రిస్టోర్ అడిగినప్పుడు ఆ పాస్‌ఫ్రేజ్‌ను వాళ్ల సైట్‌లోనే టైప్ చేయాలి, ఫైళ్ల తాళం వాళ్ల సర్వర్‌లోనే తెరుచుకుంటుంది. పెళ్లి ఫొటోలకు నాకు అభ్యంతరం లేదు. వకీళ్లు, ఆడిటర్లు, డాక్టర్లు మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి.

లోపలికి వెళ్లాం. ఎడమ పక్కన రిస్టోర్ మెనూ, అందులో కంప్యూటర్ పేరు, కింద ఫోల్డర్ల చెట్టు. చూడటానికి మన విండోస్ ఎక్స్‌ప్లోరర్ లాగే ఉంటుంది. అందరూ చకచకా టిక్కులు పెట్టేసి ముందుకు వెళ్లిపోతారు. ఆగండి. పైన తేదీలు కనిపిస్తున్నాయి చూడండి, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని. ఈ పేజీ మొత్తంలో నాకు విలువైనది అదే.

ఎందుకో చూపిస్తాను. పోయిన వారం ఒక ఫోల్డర్‌ను కావాలనే డిలీట్ చేసి ఉంచాను. ఇప్పుడు మామూలుగా చూస్తే ఇక్కడ అది లేదు. అయ్యో, బ్యాకప్‌లోంచి కూడా పోయిందే అని కంగారు పడతాం. 'వరకు' అన్న తేదీని డిలీట్ చేయడానికి ముందురోజుకు మార్చాను. ఇదిగో, ఫోల్డర్ వచ్చేసింది. ర్యాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్లన్నీ లాక్ అయినా చేయాల్సింది ఇదే. వైరస్ రాకముందు ఉన్న రోజుకు వెళ్లి అడగాలి. ఈరోజు తేదీతో అడిగితే లాక్ అయిన ఫైళ్లే వస్తాయి, వాటితో మనకు పని లేదు.

అలా ఎంత వెనక్కి వెళ్లొచ్చు అన్నది మీ సెట్టింగ్ మీద ఆధారపడుతుంది. 30 రోజులు, ఏడాది, ఎప్పటికీ అని మూడు ఉంటాయి. 2023లో రేటు పెంచినప్పుడు ఏడాది హిస్టరీని అదనపు ఛార్జీ లేకుండా కలిపేశారు. కానీ పాత అకౌంట్ అయితే మీది ఇంకా 30 రోజుల దగ్గరే ఉందేమో, ఈ వీడియో ఆపి అయినా సరే చూసుకోండి. ఫొటోగ్రాఫర్లకు ఇది మరీ ముఖ్యం. బయటి హార్డ్ డిస్కును బ్యాకప్‌లో పెట్టి, ఆ తర్వాత బీరువాలో పడేసి మర్చిపోతే, ఈ గడువు లోపల మళ్లీ కంప్యూటర్‌కు పెట్టకపోతే, దాని బ్యాకప్‌ను వాళ్లు తీసేస్తారు. డిస్కు పోయింది అని తెలిసేటప్పటికి అక్కడా ఉండదు.

సరే, ఫోల్డర్లు టిక్ చేశాను, రిస్టోర్ నొక్కాను. ఏమీ డౌన్‌లోడ్ కాదు, కంగారు పడకండి. వాళ్ల సర్వర్ ఆ ఫైళ్లను పోగేసి జిప్, అంటే అన్నీ కలిపిన ఒకే ఫైలు, తయారు చేస్తుంది, సిద్ధమయ్యాక మెయిల్ వస్తుంది. చిన్న ఫోల్డర్ అయితే టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది, పెద్దదైతే చాలాసేపు పడుతుంది. ఒక జిప్‌కు పరిమితి 500 జీబీ. తయారైన జిప్ కూడా 7 రోజులే ఉంటుంది, ఆ లోపు దించుకోవాలి.

ఇప్పుడు లెక్క. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఏ అడ్డూ లేకుండా పూర్తి వేగం వచ్చిందనుకున్నా గంటకు 45 జీబీ. అంటే 500 జీబీ జిప్‌కు 11 గంటల పైమాటే. 2 టీబీ ఉంటే 44 గంటలు. అది కూడా కరెంటు పోకుండా, వైఫై పడిపోకుండా! చాలా బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అని రాసి, నెలకు 3,300 జీబీ దాటితే స్పీడ్ తగ్గిస్తారు, అది కూడా గుర్తు పెట్టుకోండి.

అందుకే నేను ఒకేసారి అంతా అడగను. నిజంగా కంప్యూటర్ పోయిన రోజున రేపు పొద్దున కస్టమర్‌కు ఇవ్వాల్సినది ఏది? ముందు ఆ ఒక్క ఫోల్డర్ అడుగుతాను, అది గంటలో చేతికి వస్తుంది. తర్వాత ఈ ఏడాది పని. పాత ఫొటోలు, పాత వీడియోలు రాత్రిళ్లు వస్తాయి, వాటికి తొందరేమీ లేదు. మొత్తం టిక్ చేసి కూర్చుంటే రేపటి పని కూడా ఆ 44 గంటల కిందే ఇరుక్కుంటుంది.

జిప్ వచ్చింది. విప్పే దగ్గర మూడు చిక్కులు. ఒకటి, చోటు. 300 జీబీ జిప్‌ను విప్పాలంటే జిప్‌కు 300, విప్పినదానికి ఇంకో 300 కావాలి. రెండోది, పాత పెన్‌డ్రైవ్‌లోకో పాత డిస్కులోకో దించుదామనుకుంటే, అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. డ్రైవ్‌లో ఎంత చోటు ఉన్నా సరే.

మూడోది మన తెలుగువాళ్లకు ఎక్కువ తగులుతుంది. విండోస్‌లో మామూలుగా ఫైలు దారి మొత్తం, అంటే ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరూ కలిపి, 260 క్యారెక్టర్లు దాటకూడదు. ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టుకుంటే ఆ లెక్క తొందరగా నిండిపోతుంది. 'శుభలేఖలు' అన్నది మన కంటికి 5 అక్షరాలు, కంప్యూటర్‌కు 8. గుణింతాలు వేరే లెక్క. జిప్‌ను డౌన్‌లోడ్స్ లోపల ఫోల్డర్‌లో, దాని లోపల ఇంకో ఫోల్డర్‌లో విప్పితే దారి పొడవు పెరిగి, లోపలి ఫైళ్ల దగ్గర ఎర్రర్ ఇస్తుంది. చిట్కా ఏంటంటే సి డ్రైవ్‌లో నేరుగా ఒకే అక్షరం పేరుతో ఫోల్డర్ చేసి, అందులో విప్పండి. నేను 'ఆర్' అని పెడతాను, రిస్టోర్‌కు గుర్తు.

ఈ జిప్ గొడవంతా అక్కర్లేదనుకుంటే వాళ్ల రిస్టోర్ యాప్ ఉంది. 9.0 వెర్షన్ నుంచి విండోస్‌కూ మ్యాక్‌కూ ఇచ్చారు. ఫైళ్లు నేరుగా మనం చెప్పిన ఫోల్డర్‌లోకి వస్తాయి, జిప్ ఉండదు, 500 జీబీ పరిమితీ ఉండదు. పెద్ద రిస్టోర్‌కు నా ఓటు దీనికే. ఒకటీ రెండూ ఫైళ్లు కావాలంటే, లేదా ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని అర్జంటుగా ఒక పీడీఎఫ్ కావాలంటే వెబ్‌సైట్ చాలు.

డ్రైవ్‌లో పెట్టి కొరియర్ పంపే ఆప్షన్ కూడా ఉంది. 8 టీబీ వరకు హార్డ్ డిస్కులో వేసి పంపుతారు. డ్రైవ్‌కు డబ్బు కట్టాలి, 30 రోజుల్లో తిరిగి పంపిస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది చాలా బాగుంటుంది. ఇక్కడ మనకు? విదేశం నుంచి రావాలి, కస్టమ్స్ సుంకం పడితే మనమే కట్టుకోవాలి, తిప్పి పంపే ఖర్చూ మనదే. ఫైబర్ ఉన్న ఊరిలో నేనైతే దాని జోలికి వెళ్లను.

ఇప్పుడు డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్లు జాగ్రత్తగా చూడండి. ఇదిగో, రిస్టోర్ అయిన ఒక పేజ్‌మేకర్ ఫైలు, అను ఫాంట్లలో కంపోజ్ చేసిన శుభలేఖ. ఓపెన్ చేస్తున్నాను. ముందు ఫాంట్లు లేవని ఒక బాక్స్ వచ్చింది. ఓకే కొట్టాను. వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట చూడండి, ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఫైలు పాడవలేదు, ఒక్క బైటు కూడా పోలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదవగలిగే తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన పాత పద్ధతి. ఆ ఫాంటు లేకపోతే కింద ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్‌లో. ఆ ఫోల్డర్‌నూ, ప్రోగ్రామ్ ఫైల్స్‌నూ బ్యాక్‌బ్లేజ్ బ్యాకప్ చేయదు. ఇది దాపరికం కాదు, మినహాయింపుల జాబితాలో రాసే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కదా అన్నది వాళ్ల లెక్క. ముహూర్తాల సీజన్‌లో, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు పదేళ్ల కిందటి ఫాంటు సీడీ ఎక్కడ వెతుకుతారు?

కాబట్టి ఈరోజే మీ ఫాంట్లన్నీ డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి, వాటి ఇన్‌స్టలేషన్ ఫైళ్లు కూడా. అప్పుడు అవీ బ్యాకప్‌లోకి వెళ్తాయి. టాలీ డేటా ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల పెట్టుకున్న షాపులవాళ్లకూ ఇదే మాట, ఆ డేటా ఫోల్డర్‌ను బయటికి మార్చండి. ఐఎస్ఓ ఫైళ్లు (సీడీ, డీవీడీల పూర్తి కాపీలు), వర్చువల్ మెషీన్ ఫైళ్లు (కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్‌వి) కూడా మామూలుగా వెళ్లవు, కానీ సెట్టింగ్స్‌లో మినహాయింపుల జాబితా నుంచి తీసేస్తే అవీ వెళ్తాయి.

గూగుల్ డ్రైవ్ ఉందిగా, ఇది ఎందుకు అని అడిగేవాళ్లకు చిన్న జవాబు. సింక్ అంటే ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, తర్వాత లేదు. వంద జీబీ లోపు డాక్యుమెంట్లు మాత్రమే ఉన్నవాళ్లకు గూగుల్ డ్రైవ్‌తో పాటు ఒక బయటి డిస్కు ఉంటే చాలు, బ్యాక్‌బ్లేజ్ దండగ. ఫొటోలన్నీ ఫోనులోనే ఉన్నవాళ్లకు కూడా ఇది పనికిరాదు, ఈ ప్లాన్ కంప్యూటర్లకే. నెట్‌వర్క్ డ్రైవులను కూడా తీసుకోదు.

రేటు 2023 అక్టోబర్ నుంచి కంప్యూటర్‌కు నెలకు 9 డాలర్లు, ఏడాదికి 99. కొనేముందు సైట్‌లో ఇప్పటి రేటు చూసుకోండి. కార్డుకు ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్‌లో ఉండాలి, బ్యాంకు తన మార్కప్, అంటే విదేశీ చెల్లింపు మీద అదనపు ఛార్జీ, తను వేసుకుంటుంది. సైజుకు పరిమితి లేదు కాబట్టి టెరాబైట్లలో ఫొటోలున్న స్టూడియోకు ఇది చవక. నేను రెన్యూ చేస్తున్నాను. స్టూడియో పెట్టుకున్నవాళ్లు మాత్రం ఇది ఉంది కదా అని బయటి డిస్కులో కాపీ పెట్టడం మానేయకండి, పెళ్లి ఆల్బమ్ కోసం కస్టమర్ 44 గంటలు ఆగడు.