ఫ్లూ టీకా, మూగజీవాలు: బరంపురం స్టూడియోలో చర్చ

("కొత్త ఫ్లూ టీకాను ముందు మన కోళ్ల మీద, పశువుల మీద ప్రయోగిస్తారట" అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్‌పై జరిగిన చర్చలో కొంత భాగం. ఎవరి మాటా దిద్దలేదు.)

సమన్వయకర్త: గంజాం, గజపతి జిల్లాల్లో ఇప్పుడు ఎక్కడ విన్నా ఇదే టెన్షన్. ఇరుపక్షాలకూ సమాన సమయం ఇస్తాం. డాక్టరు గారూ, మనిషికి టీకా కావాలంటే మూగజీవి చావాలా?

పశువైద్యుడు: ముందు ఆ మెసేజ్ సంగతి తేలుద్దాం. ఊళ్లో కోళ్ల మీద, ఆవుల మీద ఎవరూ ప్రయోగం చెయ్యరు. ల్యాబ్‌లో ఎలుకల మీద, ఫెరెట్ల మీద చేస్తారు. ఫెరెట్ ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మనిషి ఫ్లూ దానికి అంటుకుంటుంది, జ్వరం వస్తుంది, తుమ్ముతుంది కూడా. 1933లో లండన్‌లో మనిషి ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నది ఫెరెట్లతోనే.

జంతు సంరక్షణ కార్యకర్త: అదే నేను...

పశువైద్యుడు: ఉండండి మేడమ్, పూర్తి చెయ్యనివ్వండి. ఈ కొత్త ఫ్లూ టీకా వెక్టర్ రకం. వెక్టర్ టీకా అంటే, మన ఒంట్లో పెరగలేని అడినోవైరస్ లాంటి దాంట్లో ఫ్లూ జన్యువు పెట్టి పంపడం. కోవిషీల్డ్ కూడా వెక్టర్ టీకాయే.

సమన్వయకర్త: అది సరే, మూగజీవి చావాలా?

పశువైద్యుడు: టీకా వేశాక వైరస్ ఎక్కిస్తారు. ముక్కు కడిగిన నీళ్లలో వైరస్ ఎంతుంది, బరువెంత తగ్గింది అని చూస్తారు. ఊపిరితిత్తులు కోసి చూడాలంటే చంపక తప్పదు. దాచేదేముంది?

కార్యకర్త: మరి కోవిషీల్డ్ రకం టీకాతో కొందరికి రక్తం గడ్డకట్టింది కదా, అది ముందు ఏ జంతువులో కనిపించింది? 2020లో ఆ టీకానే కోతుల్లో చూస్తే న్యుమోనియా రాలేదు గానీ, ముక్కులో వైరస్ తగ్గలేదు. 2023లో కొత్త మందుల పరీక్షలపై మన దేశ నిబంధనలే మార్చి, జంతువులు లేని పద్ధతులకు...

పశువైద్యుడు: మార్చారు, కాదనను. జంతు పరీక్షలు ఆపమని అందులో లేదు. 1960ల్లో అమెరికాలో పసిపిల్లలకు ఆర్‌ఎస్‌వీ టీకా వేశారు. ఆర్‌ఎస్‌వీ అంటే పిల్లల ఊపిరితిత్తులకు సోకే వైరస్. తర్వాత ఆ వైరస్ సోకితే జబ్బు ఇంకా ముదిరి, ఇద్దరు పిల్లలు పోయారు. అలాంటిది మళ్లీ జరగకూడదనే...

కార్యకర్త: గడ్డల సంగతికి జవాబు...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఏదీ వినపడలేదు.)

సమన్వయకర్త: అన్నయ్యా, మీరు చెప్పండి.

కోళ్ల రైతు: ఎలుకల సంగతి మీరు చూసుకోండి బాబూ. ఆ మెసేజ్ వచ్చిన కాణ్నించి కోడిని అడిగే నాథుడు లేడు. 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలా వచ్చిందంటే చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లన్నీ చంపాల్సిందే. మనుషుల టీకా సరే, మా కోళ్లకు టీకా ఎప్పుడు?

సమన్వయకర్త: కోళ్లను చంపినప్పుడు లేని బాధ ల్యాబ్‌లో మూగజీవికి ఎందుకు మేడమ్?

కార్యకర్త: ఎవరు లేదన్నారు? రెండూ బాధే. ఎన్ని జంతువులను వాడారు, నొప్పి తెలియకుండా ఏం చేశారు, ఆ లెక్క జనం ముందు పెట్టమంటున్నాం. జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ గదిలోనే...

పశువైద్యుడు: కమిటీలో బయటివాళ్లూ ఉంటారు మేడమ్. మళ్లీ చెబుతున్నా, ఊళ్లో కోళ్ల మీద ప్రయోగం లేదు. ఫ్లూ వైరస్ పైనున్న ప్రోటీన్లు తరచూ మారతాయి, అందుకే ఏటా టీకా మార్చుకోవాల్సి వస్తోంది. లోపలి ప్రోటీన్లు అంతగా మారవు. వాటిని ఒంటికి చూపించే వెక్టర్ టీకా వస్తే...

రైతు: డాక్టరు గారూ, మా కోళ్లకు...

పశువైద్యుడు: వస్తున్నా, వస్తున్నా. అలాంటి టీకా పనిచేస్తుందో లేదో మొదట మనిషి మీద చూడలేం. తక్కువ జంతువులతో చెయ్యండి, మత్తిచ్చి చెయ్యండి, కానీ చెయ్యాలి.

సమన్వయకర్త: డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. మేడమ్, పది సెకన్లు.

కార్యకర్త: పది సెకన్లలో ఏం చెప్పను? గడ్డల సంగతి అడిగాను, ఆయన...

సమన్వయకర్త: టైమ్ అయిపోయింది. నమస్కారం.

రైతు: మరి కోళ్ల టీకా?